కోటేష్ షాపులో గోలీలు

మా ఆయన రామ్‌సింగ్‌కు సిగ్గెక్కువ. ఆ సిగ్గు నా వేలు తినేసింది. మనిషి మంచివాడే, కాదనను. అయినా ఈ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

నాది చర్మం బిగుసుకుపోయే జబ్బు. చలి తగిలితే చాలు, వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడి, ఆ తర్వాత నీలంగా మారతాయి. మాఘమాసం మంచులో మిరపకోతకు పోయినప్పుడు వేలి కొస పుండుపడింది. పచ్చి పుండుకు మిరపకాయ తగిలినా నాకు మండలేదు. పక్క సాలులో కోస్తున్న భారతమ్మ చూసి, "ఓ హేమ్లీ, నీకు మంట తెలుస్తలేదా? జల్దీ దవాఖానకు పో!" అని కేకలేసింది.

ఖమ్మంలో డాక్టరమ్మ సిల్డెనాఫిల్ అనే గోలీలు ఇచ్చింది. "నీ వేళ్ళల్ల రక్తనాళాలు ముడుచుకపోతున్నయమ్మా. ఇవి వాటిని తెరుస్తయి. మగవాళ్ళు ఇంకోదానికి గూడ వాడుతరు, సిగ్గుపడకున్రి. మానితే మాత్రం వేలు దక్కదు" అని ఇద్దరికీ చెప్పింది. మా ఆయన తలెత్తలేదు.

ఆ గోలీలతో వేలికి రంగొచ్చింది. నొప్పి కూడా వచ్చింది. నొప్పి వచ్చినందుకు ఎంత సంబరపడ్డానో!

అవి అయిపోయాక మా ఆయన ఖాళీ అట్ట పట్టుకుని బూర్గంపాడు పోయాడు. అక్కడ మందుల షాపు మా తమ్ముడు కోటేష్‌దే. తెచ్చిన గోలీలు కాగితం పొట్లంలో ఉన్నాయి. రంగు వేరు. "ఇవేంది, గట్ల లేవు?" అన్నాను. "కంపెనీ మారింది, మింగు" అన్నాడు. కట్టుకున్నవాడు తెచ్చాడు, పైగా తమ్ముడి షాపు. మింగాను.

వేలు మళ్ళీ మొద్దుబారి, కొస నల్లబడింది. ఖమ్మం పోతే డాక్టరమ్మ పొట్లం విప్పి, "ఇవి ఉత్త బలం గోలీలు. ఎవరిచ్చిన్రు?" అంది. వేలి కొస తీసేయాల్సిందేనని చెప్పి కట్టు కట్టింది.

మా ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "కోటేష్ అందరి ముందల నవ్విండే. 'ఏంది బావా, ఈ వయసుల గీ గోలీలా? అక్కకు చెప్పాల్నా?' అన్నడు. తండావోళ్ళు పడి పడి నవ్విన్రు. నీకని చెప్పనీకె నోరు రాలే. బలం గోలీలు ఇయ్యమన్న."

మా లంబాడోళ్ళలో బావామరుదులు ఒకరినొకరు ఆట పట్టించకపోతే అది చుట్టరికమే కాదు. నేను తిట్టలేదు, ఏడవలేదు. లోపల కూడా మొద్దుబారిపోయాను.

వస్తూ బూర్గంపాడులో బస్సు దిగాం. షాపు నిండా జనం. మా ఆయనను చూడగానే కోటేష్ ఇకిలించి, "రా బావా, ఈసారన్న అసలైన గోలీలు కావాల్నా?" అన్నాడు.

"అవి మీ బావకు కాదురా, నాకు" అని అందరికీ వినబడేలా చెప్పి, కట్టు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టాను.

నవ్వులు ఆగిపోయాయి. కోటేష్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అక్కా, నాకు ఒక్క మాట చెప్తే..."

"ఎవరికని నువ్వు ఒక్క మాట అడిగినవా? మిగిలిన వేళ్ళన్న దక్కాలె. ఇయ్యి."

వాడు బల్ల దాటి వచ్చి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. కన్నీళ్ళు ఆ నల్లటి కొస మీద పడ్డాయి. చూశాను కాబట్టి తెలిసింది.