బండారి ముట్టిన షేర్లు

నాకు కోపం ఎక్కువని ఎల్లారెడ్డిలో అందరూ అంటారు. అననీ. ఆ రోజు భీమేషన్న మోటార్ల దుకాణంలో నా జాగాలో కూర్చుని ఉంటే, ఆ అనేవాళ్లకూ వచ్చేది.

ముందు సంగతేమిటో చెప్తాను. మేం నలుగురం కలిసి ఒక చమురు కంపెనీ షేర్లు కొన్నాం. భీమేషన్న, మహమ్మద్‌నగర్ బాలయ్య పటేలు, చేపలమ్మే నర్సవ్వ, నేను. నా పేరు అనిల, బీడీలు చుడతాను. మా ఆయన సాయిలు ఏడేండ్లుగా మస్కట్ అవతల ఎడారిలో చమురు పైపులు మోస్తున్నాడు. ఆయన పంపినదాంట్లో నేను నోరు కట్టుకుని మిగిల్చిన పైసలు అవి. ఆయన తిరిగొస్తే ఒక ట్రాలీ ఆటో కొనాలని, కామారెడ్డి మార్కెట్‌కు కూరగాయలు తోలుకుని బతకాలని మా ఆశ.

భీమేషన్న కూడా గల్ఫ్ వెళ్లొచ్చినవాడే. పదకొండేండ్లు చమురు బావుల దగ్గర పనిచేశాడు. ఆ బావుల పక్కన ఎత్తయిన గొట్టం చివర రాత్రీ పగలూ మంట మండుతూనే ఉంటుందట. "ఆ మంట ఒక్కనాడు ఆరంగ నేను చూడలే. చమురు కంపెనీ మునుగుడు అనేదే ఉండదు," అన్నాడు. మా దిక్కు మగవాళ్లలో సగం మంది ఆ మంట చూసొచ్చినవాళ్లే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడి బావులకూ ఇక్కడి కంపెనీకీ ఏం సంబంధమని అడిగే తెలివి మాలో ఒక్కరికీ లేకపోయింది.

ఇంకో ఘనకార్యం కూడా చేశాం. అంతకుముందు మా చిట్టీలో ఒకడు మొదటి నెలలోనే చిట్టీ ఎత్తుకుని పట్నం పారిపోయాడు. ఈసారి అట్లా కాకూడదని, షేర్లన్నీ భీమేషన్న ఖాతాలోనే కొని, మల్లన్న బండారి, అంటే గుడి పసుపు, ముట్టి ఒట్టు పెట్టుకున్నాం. అమ్మితే నలుగురం కలిసే అమ్మాలి. ఒక్కరు వద్దన్నా ఎవరూ అమ్మకూడదు. ఒట్టు పెట్టిన ఆ పసుపు సంచిని దుకాణంలో దేవుని పటానికి తగిలించాం. షేర్లకు బండారి ఒట్టు వేసిన పెద్దమనుషులు దేశం మొత్తంలో మేమే అయి ఉంటాం.

తర్వాత ఆ కంపెనీ బావుల్లో చమురు కంటే నీళ్లే ఎక్కువ వస్తున్నాయని, అప్పులిచ్చిన బ్యాంకులు మీద పడ్డాయని టీవీలో వచ్చింది. రేటు సగానికి పడింది. ఆ సగంలోనూ సగం పోయింది. అడిగిన ప్రతిసారీ భీమేషన్న "జర ఆగుండ్రి" అనేవాడు. మేం ఆగేవాళ్లం.

ఇంతలో సాయిలు ఎండకు పనిలోనే పడిపోయాడు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఆయనతో ఒకే రూములో ఉండే దోమకొండ రాకేష్ ఫోన్ చేసి చెప్పాడు. "వదినా, పడుడు ఇది రెండోసారి. ఈసారి కాంట్రాక్టు మీద సంతకం పెట్టనియ్యకు," అన్నాడు. నేను సాయిలును నిలదీస్తే ఒప్పుకున్నాడు. కంపెనీ వాళ్లు ఇంకో రెండేండ్లకు సంతకం అడుగుతున్నారు. లేదంటే టికెట్ ఇచ్చి ఇంటికి పంపుతారు. ఏ సంగతో మంగళవారం మధ్యాహ్నం తిండి గంటలోపు తేల్చి చెప్పాలి. "ఆటో పైసలు చేతికొస్తే వస్త. లేకుంటే ఉట్టి చేతుల్తోని వచ్చి ఏం జెయ్యాలె, సంతకం పెడత," అన్నాడు.

సోమవారం నేను కామారెడ్డికి పోయి షేర్ల ఆఫీసులో అడిగాను. అక్కడ మానస అనే అమ్మాయి ఓపికగా చెప్పింది. ఎవరి వాటా మేరకు వాళ్లు అమ్ముకోవచ్చు, అందరూ కలిసే అమ్మాలని ఏమీ లేదు, కాకపోతే ఖాతా ఎవరి పేరున ఉందో ఆయన ఫోన్‌లోంచే అమ్మాలి. తిరిగొచ్చే బస్సులో ఎల్లారెడ్డి దాకా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

మంగళవారం బీడీల చాట పట్టుకునే దుకాణానికి వెళ్లాను. ముగ్గురినీ నేనే రమ్మన్నాను. కింద కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించడం మొదలుపెట్టాను. చేతిలో పని లేకపోతే ఆ చేత్తో ఏం చేస్తానో నాకే భయం.

"నా వాటా అమ్ము అన్నా. ఇయ్యాల్నే. మా ఆయన ఇంటికి రావాలె," అన్నాను.

భీమేషన్న లెక్కల బల్ల వెనక నుంచి లేవలేదు. "ఆగు చెల్లె. ఇప్పుడు అమ్మితే నుక్సానే. అమ్మకపోతే నుక్సాన్ కానట్టే లెక్క."

"ఎవని లెక్క అది? రేటు నాలుగో వంతుకొచ్చింది. ఇంకా కాలేదంటవేంది?"

బాలయ్య పటేలు తువ్వాల దులుపుకుని కుర్చీలో సర్దుకున్నాడు. ఆయనకు మూడు బోర్ల పొలం ఉంది, మాట్లాడితే పొలం కాడికే పోతాడు. "పిల్లా, మక్కజొన్నలకు రేటు లేనప్పుడు మనం అమ్ముతమా? ఇంట్ల పోసుకుని కూసుంటం. రేటు వచ్చినంక తీస్తం. ఇది గంతే."

"మక్కలు ఇంట్ల ఉంటయి పటేలా. ధర రాకుంటే గటక కాసుకుని తాగుతం. ఈ షేర్లు యాడున్నయి? మీరు చూసిండ్రా? పెంకల ఏంచుకుని తింటరా?"

"ఆడిపిల్లవు, జర నోరు సంబాళించుకో."

"పైసలు పెట్టేటప్పుడు ఆడిపిల్ల యాదికి రాలే, అడిగేటప్పుడు వచ్చిందా?"

నర్సవ్వ నా మోచేయి పట్టుకుని గుంజింది. "లొల్లి వద్దు బిడ్డా. అమ్మొద్దని నేను అంటలేను. కానీ బండారి ముట్టినం గదనే. ఒక్కలం అమ్ముకుంటే మల్లన్న ఊకుంటడా? నాకు ఉన్నది ఒక్క కొడుకు."

"నాకు ఉన్నది ఒక్క మొగడు అవ్వా. ఆయన ఎండల పడిపోతున్నడు. మల్లన్న గది చూస్తలేడా?"

నేను ఆకు మీద కత్తెర గట్టిగా నొక్కాను. మా ఆయన ఆ ఎడారిలో చమురు కోసం ఒళ్లు కాల్చుకుంటున్నాడు, ఆ సంపాదన తెచ్చి నేను మళ్లీ చమురులోనే పోశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంకా ఎక్కువ అసహ్యం ఆ ముగ్గురి మొహాలు చూస్తే వేసింది. అమ్మాలని అందరికీ ఉంది. ఒట్టు తీసే పాపం మాత్రం ఎవరికీ వద్దు.

చాట పక్కన పెట్టి లేచాను. పటానికి వేలాడుతున్న బండారి సంచి తీశాను. నర్సవ్వ "వద్దే, వద్దే" అంటూనే ఉంది. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు పసుపు తీసి నుదుటి నిండా పూసుకున్నాను.

"ఒట్టు నేను తీస్తున్న. తప్పు నాది, పాపం నాది. దండుగ కూడ నేనే కట్టుకుంట. ఏమన్న అడగాల్సి ఉంటే మల్లన్న నన్నే అడగనీ. ఇగ అమ్ము అన్నా."

ముందుగా నోరు విప్పింది బాలయ్య పటేలే. గొంతు సవరించుకున్నాడు. "ఎట్లాగో ఒట్టు పాయె. ఇగ నాయి కూడ అమ్ము భీమేషు."

నర్సవ్వ నా నుదుటి వంక చూస్తూ మెల్లగా అడిగింది. "పాపం మొత్తం నీదే అన్నవ్ గదా బిడ్డా?"

"మొత్తం నాదే అవ్వా."

"అట్లయితే నాయి కూడ అమ్ముమను."

నాకు ఒళ్లు మండింది. నెలల తరబడి ఈ మాట కడుపులో పెట్టుకునే, నన్ను నోరు సంబాళించుకోమన్నారు. వాళ్ల పాపాలన్నీ నా నెత్తి మీద పెట్టి ఇప్పుడు ఎంత తేలిగ్గా కూర్చున్నారో. పటేలైతే చాయ్ చెప్పుమని కూడా అన్నాడు.

భీమేషన్న మాత్రం ఫోన్ తీయలేదు. బల్ల మీద బోర్లించిన ఫోన్ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేనే వెళ్లి ఆ చెయ్యి పక్కకు నెట్టాను. "తియ్యవయ్యా అన్నా. మా ఆయనకు తిండి గంట అయితున్నది."

ఫోన్ తెరిచాడు. మా కంపెనీ పేరు, ఎర్ర రంగులో రేటు కనిపించాయి. దాని కింద షేర్లు అప్పటికే అమ్మకానికి పెట్టి ఉన్నాయి. నలుగురివీ, అన్నీ.

"ఇదేంది అన్నా? ఎవరు పెట్టిండ్రు?"

ఆయన తలెత్తలేదు. "నేనే. పోయిన వారం సంది పొద్దుగాల్నే పెడుతున్న. రోజూ రేటు కింది గీతకు పోయి ఆగుతున్నది. అంతకన్న కిందికి ఆ రోజు పోనియ్యరు. అమ్మేటోళ్లు లైన్ కట్టిండ్రు. కొనేటోడు ఒక్కడు లేడు. సాయంత్రం దాకా చూసుడు, మల్ల పొద్దుగాల పెట్టుడు."

"మరి గిప్పటిదాక ఆగుమని ఎందుకు జెప్పినవ్?"

"ఏమని చెప్పాలె? కొనిపిచ్చింది నేను. అమ్ముడువోతే అందరి పైసలు అందరికి ఇచ్చి, ఒట్టు తీసిన పాపం నేనే పడుదామనుకున్న. అమ్ముడే పోతలేవు. మీ మొఖాలు ఎట్ల జూడాలె?"

జాలి పడాల్సిన చోట నాకు ఇంకా మండింది. "నీకు సిగ్గయితదని మమ్ముల కొట్లాడిపిచ్చినవా? మొన్ననే చెప్తే మా ఆయనకు ఒక మాటన్న సరిగ చెప్పేదాన్ని గదా. ఆటో వస్తదని ఆయన అక్కడ ఆశ పెట్టుకుని కూసున్నడు."

బాలయ్య పటేలు ఫోన్ గుంజుకుని ఎగాదిగా చూశాడు. "కొనేటోడు లేకపోవుడేంది? మక్కలకు కూడ ఎవడో ఒకడు వస్తడు గదా?" అని ఎవరినో అడిగాడు. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాయ్ వచ్చింది, ఎవరూ ముట్టలేదు.

అప్పుడే నా ఫోన్ మోగింది.

"ఏమైందే? తిండి గంట కొట్టిండ్రు. మా సారు కాయితం పట్టుకుని ముంగటనే నిలబడ్డడు. పైసలొచ్చినయా?" సాయిలు గొంతు బొంగురుగా ఉంది.

అబద్ధం నోటి దాకా వచ్చింది. వచ్చాయంటే ఎగిరి వస్తాడు. దుకాణంలో అందరూ నా మొహమే చూస్తున్నారు. ఆ ముగ్గురూ ఇన్నాళ్లు మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్పారనే కదా నేను ఇంతసేపు తిట్టిపోసింది.

"రాలే. వస్తయో రావో కూడ తెల్వదు. షేర్లు కొనేటోడు లేడట," అన్నాను.

"సరే తియ్. సంతకం పెడత. రెండేండ్లే గదా."

"పెట్టకు."

"మరి వచ్చి ఏం జెయ్యాలె?"

"నాతోని కూసుని బీడీల ఆకు కత్తిరియ్యి."

"ఆడోళ్ల పనే అది. నలుగురు నవ్వుతరు."

"నవ్వేటోళ్లు నా ముంగటనే ఉన్నరు. ఒక్కలన్న నవ్వమను, చూస్త." నేను పటేలు వంకే చూశాను. ఆయన తల దించుకున్నాడు. "మూడోసారి పడితే నీ పీనుగును డబ్బాల పంపుతరు. గప్పుడు నాకు ఆటో ఉన్నా ఎవరు తోలుతరు? పైసలు లేకుండనే రా. ఒట్టి చేతుల్తోనే రా. నాకు నువ్వు రావాలె."

అటు సాయిలు ఎవరితోనో హిందీలో రెండు ముక్కలు మాట్లాడాడు. మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు చీదుకున్నాడు.

"కాయితం వాపస్ ఇచ్చిన. టికెట్‌కు పేరు రాసుకున్నరు," అన్నాడు.

ఫోన్ పెట్టేసి నుదుటి పసుపు కొంగుతో తుడుచుకున్నాను. సగమే పోయింది. ముగ్గురూ మళ్లీ భీమేషన్న ఫోన్ మీదికి వంగి, కొనేవాడు ఎవడైనా వచ్చాడా అని చూస్తున్నారు. నేను చాట ఎత్తుకుని బయటికి నడిచాను. ఇంట్లో అటక మీద ఇంకో కత్తెర ఉంది, తుప్పు పట్టింది. దానికి సాన పెట్టించాలి.