వైరు మీద చెయ్యి

స్నేహలత జొన్నరొట్టె చరుస్తుంటే ముందు గదిలోంచి అత్త రామమ్మ కేకేసింది. "ఓ బిడ్డా, నీ డబ్బా పొద్దటి నుంచి గిరగిర తిరుగుతుంది. కాలిపోతదేమో, జర సూడు."

పిండి చేతులతోనే వెళ్లింది. కంప్యూటర్ నీలం తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. కింద ‘ఆఫ్ చేయవద్దు’ అని ఉంది. కొత్త సిస్టం ఎక్కించుకోమని రోజూ ఒక పెట్టె తెర మీదకు వచ్చేది. ఆమె రోజూ ‘తర్వాత’ నొక్కేది. తను పెళ్లికార్డులు కొట్టే పాత తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో పనిచేయదు. వికారాబాద్‌లో ప్రెస్ నడిపే డేవిడ్‌కు సాయంత్రానికి కార్డులు అందాలి. ఈసారి ఆలస్యమైతే పని వేరేవాళ్లకు పోతుందక్కా అని ముందే చెప్పాడు.

చుక్కలు ఆగాయి. ఫైలు తెరిచింది. పెళ్లికూతురి పేరున్న చోట ఖాళీ గళ్లు.

"ఎవరు నొక్కిన్రు?"

భర్త మహిధర్ సోఫాలోంచి లేవలేదు. "నేనే. వార్తలు సూద్దామంటే ఆ పెట్టె అడ్డమొచ్చింది."

"నన్నొక్కమాట అడగొద్దా?"

"నా ఇల్లు, నా కరెంటు. నిన్నడగాల్నానే?"

"అడగాలె."

అతను లేచాడు. కీబోర్డు ఆమె చెవి మీద పడింది. రెండో దెబ్బ భుజానికి తగిలింది. మీటలు ఊడి నాపరాళ్ల మీద దొర్లాయి. చెవి నుంచి రక్తం మెడ మీదికి జారింది. రామమ్మ కూర్చున్నచోటనే ఉంది. "ఎదురు మాట్లాడొద్దంటే వినవు. నాలుగు దినాలైతే అదే అలవాటైతది."

స్నేహలత మోకాళ్ల మీద కూర్చుని మీటలు ఏరింది. పెళ్లైన కొత్తలో మహిధర్ ఆమె సిమ్ము విరిచి కొత్త నంబరు చేతిలో పెట్టాడు. కరణ్‌కోట స్కూల్లో ఉద్యోగం మాన్పించాడు. స్కూటీని చెప్పకుండా అమ్మాడు. ప్రతిసారీ "నీ మంచికే" అన్నాడు. ప్రతిసారీ రామమ్మ అలవాటైతదంది. నిజంగానే అలవాటైంది. తెర మీదకు వచ్చే ఆ పెట్టెలోనూ ‘మీ రక్షణ కోసమే’ అని ఉండేది. మహిధర్ అన్నం తింటున్నప్పుడు అతని నడినెత్తి మీద రోకలి దించినట్టు ఆమె ఎన్నోసార్లు అనుకుంది. అనుకున్నాక చారు పోసేది.

అతను స్నానానికి పోయాడు. పాత సిస్టం కొన్నాళ్లు లోపలే దాగి ఉంటుందని, వెనక్కి తెచ్చుకోవచ్చని డేవిడ్ ఒకసారి చెప్పాడు. కీబోర్డు లేకున్నా మౌస్ ఉంది. వెనక్కి తెచ్చే మీట తెర మీద ఎక్కడుందో వెతికి పట్టుకుంది. నొక్కింది.

ఎందుకు వెనక్కి వెళ్తున్నారు అని అడిగింది మెషిన్.

ఆమె చెయ్యి ఆగింది. ఉద్యోగం మానేసిన రోజు కూడా ఈ ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక కారణం ఎంచి నొక్కింది. చుక్కలు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి.

మహిధర్ తువ్వాలతో వచ్చాడు. "మళ్ల ఏంజేసినవే? నా మాటంటే లెక్కలేదా?" అంటూ ప్లగ్గు పీకడానికి వంగాడు. మధ్యలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. తలుపు వెనక అతని నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నుంచి తెచ్చిన సుత్తె ఉంది. రాళ్లు పగలగొట్టేది. ఆమె దాన్ని తీసుకుని వచ్చి గోడకు, అతనికి నడుమ నిలబడింది.

"వైరు మీద చెయ్యి పెట్టు."

పెళ్లైనప్పటి నుంచి అతన్ని ఆమె ‘మీరు’ అనే పిలిచింది.

"ఏందే?"

"పెట్టు నువ్వు. చేతి బొక్కలు ఏరుకుందువు."

సుత్తె దించింది. అతని కాళ్ల ముందు నేల బండ పగిలింది. ముక్క ఎగిరి అతని కాలికి గీసుకుపోయింది. అతను తల్లి వైపు చూశాడు. రామమ్మ గోడకు ఆనుకుంది.

"బిడ్డా, పిచ్చిగాని లేసిందా?"

"లేదత్తా. కూసో."

చుక్కలు ఆగేదాకా ముగ్గురూ కదల్లేదు. పాత తెర వచ్చింది. పెళ్లికూతురి పేరు వచ్చింది. స్నేహలత తనే ప్లగ్గు తీసి డబ్బాను దుప్పట్లో కట్టింది. మెడ కడుక్కుంది. వాకిట్లోకి ఆటో పిలిచి డేవిడ్‌కు ఫోన్ చేసింది.

"తమ్మీ, కార్డులు తెస్తున్న. కీబోర్డు లేదు, ఒకటి చూసిపెట్టు. ఒక టేబులు గూడ ఖాళీ చెయ్. రేపటి నుంచి అక్కడ్నే కొడ్త."

"సరే అక్కా. సామాను ఎక్కువున్నదా, మనిషిని రైల్వే స్టేషన్‌కు పంపాల్నా?"

"డబ్బా ఒక్కటే," అంది. వెనక్కి వెళ్లి సుత్తె కూడా తెచ్చుకుంది.