క్యాబేజీ తోటలో దిగిన గ్లైడర్

కళ్ళద్దాల కొట్టు నడిపే ఆమెకు ఆదివారం వస్తే కాలు నేల మీద నిలవదు. ఇంజను లేని గ్లైడర్ ఎక్కి, గాలి మోసినంత దూరం ఎగిరి రావడం ఆమె సరదా. నేర్పింది సొంత మేనమామే. ఆ రోజు ఆమె మొదటిసారి ఒంటరిగా ఊళ్ళు దాటి వెళ్తోంది. మామయ్య కారుకు పొడవాటి ట్రైలర్ తగిలించుకుని, రేడియో పక్కన పెట్టుకుని కింద వెంబడిస్తున్నాడు.

మధ్యాహ్నం మబ్బు కమ్మింది. పైకి లేపే వేడిగాలి ఎక్కడా దొరకలేదు.

"మామయ్యా, ఇంటిదాకా రాలేను. కోసేసిన గోధుమ చేను కనబడుతోంది, దిగిపోతాను."

"దిగమ్మా. చేను ఎక్కడికీ పారిపోదు. వేగం మాత్రం పోనివ్వకు."

చివరి మలుపులో వెనక నుంచి తోస్తున్న గాలి ఆమెను చేనుకు ఎదురుగా తిరగాల్సిన చోటు దాటించేసింది. నేల దగ్గరపడుతోంది. ఇంకాస్త తిప్పితే సరిపోతుందనిపించి, ఎడమ కాలితో పెడల్ బలంగా తొక్కి, గ్లైడర్ ముక్కును ఎత్తి దించే కర్రను తనవైపు లాగింది. అంతే, హోరుమంటున్న గాలి చప్పుడు సద్దుమణిగింది. సీటు కింద గ్లైడర్ వణికింది. ఎడమ రెక్క కుంగబోయింది.

ఆ నిశ్శబ్దం ఏమిటో ఆమెకు తెలుసు. బాగా ఎత్తులో ఉన్నప్పుడు మామయ్య ఎన్నోసార్లు చూపించాడు. రెక్కలు గాలిని వదిలేసే ముందు అలాగే ఉంటుంది. ఆ తర్వాత బొంగరంలా తిరుగుతూ పడడమే. ఇంత కిందికి వచ్చాక తిరిగితే తేరుకునే చోటు ఉండదు. మనసు లాగు, ఇంకా లాగు అంటున్నా, పళ్ళు బిగించి కర్రను ముందుకు నెట్టింది, కాలు తీసేసింది. ముక్కు వంగింది. గాలి మళ్ళీ హోరెత్తింది. రెక్కలు సమం చేసి, గోధుమ చేనుకో దండం పెట్టి, ఎదురుగా ఉన్నదాంట్లోకే పోనిచ్చింది.

ఎదురుగా ఉన్నది క్యాబేజీ తోట.

టపటపమంటూ కొంతదూరం పోయి గ్లైడర్ ఆగింది. మూత తెరిచేసరికి తోట యజమానురాలు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం కాలేదండీ. పాపం, మీ క్యాబేజీలకే..."

"వాటికేం, ఎలాగూ కత్తికి ఎర అయ్యేవే! విమానమేసుకుని వచ్చి కూర కోసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

అంతలో మామయ్య రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. ముందు ఆమె తలా భుజాలూ తడిమి చూశాడు.

"గోధుమ చేను అన్నావు కదే?"

"మలుపు మించిపోయింది మామయ్యా. వణికింది. వదిలేశాను."

"చేనునా, కర్ర లాగడాన్నా?"

"రెండింటినీ."

ఆయన కళ్ళు తుడుచుకుని గట్టిగా నవ్వాడు. "నీకు నేర్పుతూ నా జుట్టంతా ఊడినా ఫర్వాలేదే అమ్మడూ!"

ముగ్గురూ కలిసి రెక్కలు విప్పి ట్రైలర్‌లోకి ఎక్కించారు. నలిగినవన్నీ మీరే పట్టుకెళ్ళాలని తోటావిడ పట్టుబట్టి కారు నింపేసింది. దారి పొడవునా మామయ్య హుషారుగా కూనిరాగాలు తీస్తూనే ఉన్నాడు.

అత్తయ్య తలుపు తీసి నోరెళ్ళబెట్టింది.

"ఎగిరొస్తామని వెళ్ళి కూరగాయల బండితో దిగారేమిటి మీరిద్దరూ?"