పదికి రెండు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన దేన్నీ ఊరికే వదలరు, మార్కులేస్తారు. ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత పరీక్షించే ఉద్యోగం. అక్కడ నూటికి డెబ్బై రాని సరుకు గేటు దాటదు. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా నా కూరకు పదికి ఏడు దాటలేదు. "ఎనిమిదేస్తే నీకు పొగరెక్కుతుంది" అన్నారొకసారి. ఆ ఏడు మార్కుల కూరనే మూడుసార్లు వడ్డించుకుంటారు, అది వేరే సంగతి.

ఈసారి తనిఖీకొచ్చిన సరుకు మా అమ్మాయి. దానికి రాళ్ళ పిచ్చి. దాని గది కిటికీ నిండా రాళ్ళే. వారానికోసారి వాటి దుమ్ము దులిపేది నేనే కాబట్టి భూగర్భశాస్త్రంలో నాకూ కాస్త అనుభవముందని చెప్పుకోవచ్చు. ఆ చదువుకు పేరున్న కాలేజీ ఒకటుంది, రైల్లో ఒక పగలంతా ప్రయాణం. ముప్పై సీట్లకు రెండువేల దరఖాస్తులు. నెల రోజులుగా సర్టిఫికెట్లు వెతికి, సిఫారసు లేఖల కోసం టీచర్ల చుట్టూ తిరిగి, ఆన్‌లైన్‌లో ఫారం నింపి పెట్టాను. నేనూ చదువుకున్నదాన్నేనని ఇంట్లో ఫారాలు నింపాల్సి వచ్చినప్పుడే అందరికీ గుర్తొస్తుంది. ఇక పంపడమే మిగిలింది. సాయంత్రం ఆరింటికి గడువు.

"ఆగండి, అసలు అవకాశమెంతో లెక్కేద్దాం" అంటూ మధ్యాహ్నం ఆయన కాగితం మీద గళ్ళు గీశారు. పరీక్షల మార్కులు, టీచర్ల లేఖలు, వ్యాసం, ఇంటర్వ్యూ.

"మీ మామగారు పిల్లనిచ్చేముందు ఇలాగే గళ్ళు గీసుంటే నువ్వు గేటు దాటేవాడివట్రా?" అన్నారు అత్తయ్య, మంచం మీంచి.

ఆయన వినిపించుకోలేదు. ఆఖరి గడి దగ్గర ఆగి నావైపు చూశారు. "ఇల్లు వదిలి ఉండగలదా? పదికెన్ని? తల్లివి, నువ్వే చెప్పు."

నేను దుప్పటి మడతపెడుతున్నాను. "రెండు" అన్నాను.

ఆయన కూడారు. అరవై ఎనిమిది. అమ్మాయిని గదిలోంచి పిలిచి కాగితం చూపించారు. "ప్చ్, రెండు మార్కుల్లో పోయింది. ఊళ్ళో కాలేజీకి పెట్టుకో తల్లీ. ఆశపడి ఏడవడం కంటే అదే నయం."

"ఇల్లు వదిలి ఉండటానికి రెండేంటి నాన్నా? ఎవరేశారు?"

"మీ అమ్మే. కన్నది కదా, ఆమాత్రం తెలీదా?"

అది నావైపు చూసింది. కోప్పడితే బాగుండేది. "అమ్మ వేసిందా, అయితే సరే" అని గదిలోకెళ్ళిపోయింది.

దుప్పటి తిరిగి విప్పి మళ్ళీ మడతపెట్టాను. ఎందుకన్నాను రెండని? నాకు ఆపరేషనైనప్పుడు పది రోజులు ఈ ఇంటిని నడిపింది అదే కదా. వాళ్ళ నాన్న చొక్కాకి బొత్తాం కూడా అదే కుట్టింది. రాళ్ళు చూడ్డానికి బడివాళ్ళతో వెళ్ళి వారం రోజులు గుడారంలో ఉంటే ఒక్కసారే ఫోన్ చేసింది, అదీ తన రాళ్ళు పారేయొద్దని చెప్పడానికి. అలాంటి పిల్లకు రెండా? పోనీ, సీటు రాకపోతే కుమిలిపోతుందని భయపడ్డానా? లేదు, సీటు సంగతే తట్టలేదు నాకు. అసలు ఆ కాలేజీవాళ్ళు ఈ ప్రశ్న అడగనే అడగరు. మరి ఆ అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆయన అడగ్గానే నాకు కనబడింది దాని మొహం కాదు, మా భోజనాల బల్ల. ఆయన "ఏడు" అనగానే నాకు కన్నుకొట్టే మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. నా జోకులకు నవ్వేది ఈ ఇంట్లో అదొక్కతే. "అమ్మా, తిన్నావా?" అని అడిగేదీ అదే. మంచిదాన్నా చెడ్డదాన్నా నేను? ఇంతకీ దాని సీటు కోసం నెల రోజులు తిరిగిన కాళ్ళు ఎవరివి, ఒక్క మాటతో దాన్ని ఆపేసిన నోరెవరిది? ఎంత ఆలోచించినా రెండూ నావే.

అయిదూ నలభై అయింది. గదిలో అది ఊళ్ళో కాలేజీ ఫారంలో పేరు రాసుకుంటోంది. వెళ్ళి దాని చేతిలోంచి పెన్ను తీసుకున్నాను.

"పెద్ద కాలేజీది పంపించేయ్."

"అరవై ఎనిమిదే కదే!" అన్నారు ఆయన, గుమ్మంలోంచి. "అంతా లెక్క ప్రకారమే వేశాం. నువ్వే కదా రెండన్నావ్?"

"అన్నాను. తప్పుగా అన్నాను."

"మరి ఎంత వేయమంటావ్?"

అమ్మాయి వైపు తిరిగాను.

"తప్పు నాదే తల్లీ. ఆ రెండు మార్కులు నువ్వు ఇల్లు వదిలి ఉండటానికి వేసినవి కావు. నువ్వు లేకుండా ఈ ఇంట్లో నేనుండటానికి వేసుకున్నవి."