బావి నీళ్లు తాగిన బ్యాటరీ

టైలరమ్మ ఎండని పెట్టెలో దాచుకుని మిడిసిపడిందని, ఇప్పుడా పెట్టె కాస్తా చచ్చిందని, ఇక తమ్ముడింటికి మూటాముల్లే సర్దుకోవాల్సిందేనని పక్కింటామె బావి దగ్గర అందట. అమ్మ బిందె దించుతూ ఆ ముక్క చెప్పి, కూతురి మొహం చూడలేక పొయ్యి వైపు తిరిగింది.

అందులో అబద్ధం లేదు. టైలరమ్మకి ఒళ్లు మండింది కూడా అందుకే. నడుం కింద రెండు కాళ్లూ చచ్చుబడిన మనిషి, మిషన్ తొక్కలేదు. కరెంటు తీగ ఆ మెట్ట మీదికి రానేలేదు. రేకుల మీద సోలార్ ప్యానెల్, మంచం పక్కన బ్యాటరీ వచ్చాకే మిషన్‌కి మోటారు తగిలించుకుంది. మోచేత్తో మీట నొక్కితే చాలు, సూది పరుగెత్తేది. తమ్ముడింట్లో మూల మంచం వదిలి, అమ్మని వెంటబెట్టుకుని ఈ ఒంటిగదిలో కాపురం పెట్టింది. ఆడవాళ్లు గుడ్డలు పట్టుకుని గడప తొక్కారు. చంక బిగువైతే వచ్చి తిట్టిపోశారు. ఆ తిట్లు కూడా ఆమెకి తియ్యగానే ఉండేవి.

బ్యాటరీలో నీళ్లు తగ్గనివ్వొద్దని బిగించినతను చెప్పాడు. సీసాలో అమ్మే నీళ్లే పొయ్యాలని అమ్మకెవరూ చెప్పలేదు. ఆ తల్లి రోజూ మూతలు విప్పి, బావి నీళ్లు గుడ్డలో వడగట్టి మరీ, పసిపిల్లకి పట్టినట్టు అంచుదాకా పోసింది. లోపలంతా పాడైపోయింది, మార్చడం తప్ప దారి లేదన్నాడు బిగించినతను. కొత్తది కొనాలంటే మిషన్ అమ్ముకోవాలి.

ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ మీదే ఎలాగో నడిచిన మోటారు, ఆ సాయంత్రం ఒక గౌను సగం కుట్టులో ఉండగా మూలిగి ఆగిపోయింది. ఎంత నొక్కినా సూది గుడ్డలోంచి పైకి లేవలేదు. కుడిచేత్తో చక్రం తిప్పితే ఎడంచేతికి గుడ్డ నిలవలేదు, కుట్టు పాములా వంకర్లు పోయింది. నేను తిప్పుతానే అంటూ అమ్మ వచ్చింది. నాలుగు చుట్లకే చక్రం ఆమె చేతిలోంచి జారిపోయింది. నా చేతులు పడిపోనూ అంటూ నేల మీద కూలబడింది.

అప్పుడే తమ్ముడు ఆటో తీసుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. మూల మంచానికి కొత్త పరుపు కూడా వేయించాడట. అతని వెనకే పక్కింటామె, చూడకపోతే నిద్ర పట్టదన్నట్టు, గడపలో నిలబడింది.

"పద అక్కా. ఎందుకొచ్చిన అవస్థ? మా ఇంట్లో నీకేం తక్కువ చెప్పు?"

టైలరమ్మ గుడ్డలో ఇరుక్కున్న సూది మీంచి కళ్లు తిప్పలేదు.

"మీ ఇంట్లో నన్ను అన్నానికి తప్ప ఇంకెందుకూ పిలవరురా."