మొగ్గలో పచ్చదనం

పెళ్లయి ఆ అద్దె ఇంటికి వచ్చిన నాటి నుంచి కొత్త పెళ్లికూతురికి కిటికీ పక్క చెట్టంటే ప్రాణం. పొద్దున్నే పిట్టలు దాని కొమ్మల మీద పోట్లాడుకుంటుంటే, మొగుడూ పెళ్లాలు కాఫీ తాగుతూ చెరో పక్షం తీసుకునేవారు. వానలు మొహం చాటేసిన ఆ ఏడు చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. చచ్చిందని అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ తేల్చేసి, కొట్టించడానికి మనిషిని పిలిపించాడు.

రంపం చప్పుడు వినగానే ఆమె ఒక్క పరుగున దిగివచ్చి అడ్డం నిలబడింది. కాలేజీలో చదివింది వృక్షశాస్త్రమే. కింది కొమ్మ నుంచి చిగురు మొగ్గ ఒకటి తుంచి, వస్తూ పట్టుకొచ్చిన మొగుడి గడ్డం బ్లేడుతో నిలువునా చీల్చింది. లోపల లేత పచ్చ.

"చూడండి బాబాయిగారూ, ఇది చచ్చిన చెట్టా? నీళ్లు చాలక ఆకులు వదులుకుంది, అంతే."

నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకు చెట్ల పాఠం చెబుతోందా అని సెక్రటరీ నవ్వి, చిటారు కొమ్మ కూడా చూడమన్నాడు. రంపం మనిషి ఎక్కి ఒక రెమ్మ విసిరాడు. దాని మొగ్గ చీలిస్తే నస్యంలా రాలింది. ఆమె మొహం పాలిపోయింది.

తల దించుకుంటే చెట్టు మొదలు కనబడింది. తన కారుకు మట్టి అంటకూడదని సెక్రటరీ పోయించిన సిమెంటు మాను చుట్టూ బిగుసుకుపోయి ఉంది. ఆ కారు కడిగిన నీళ్లు దాని మీదుగా జారి కాలువలో పడుతున్నాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

"వేళ్లకు గుక్కెడు నీళ్లు దక్కనివ్వకపోతే కొసకెలా ఎక్కుతాయండీ? గొంతు నులిమిందీ మీరే, శవాన్ని ఎత్తమంటున్నదీ మీరే."

రంపం మనిషి సెక్రటరీ వైపు చూడకుండా అడిగాడు.

"ఎక్కడిదాకా కొయ్యనమ్మా?"

ఆమె అతని నిచ్చెనెక్కి కొమ్మకొక మొగ్గ చీల్చి, పచ్చదనం మొదలైన చోటల్లా తన లిప్‌స్టిక్‌తో గీత గీసింది. సగం చెట్టు పోయింది. ఒక్కో కొమ్మ పడుతుంటే ఆమె పళ్లు బిగించింది.

ఈలోగా మొగుడు ఎక్కడినుంచో గునపం తెచ్చి సిమెంటు పగలగొట్టసాగాడు. ఓనరుకు చెప్పి ఇల్లు ఖాళీ చేయిస్తానని సెక్రటరీ గద్దించాడు.

"చేయించండి. ముందు ఈ పెచ్చు లేవనివ్వండి" అన్నాడతను, తలెత్తకుండానే.

ఆమె బకెట్టు నీళ్లు పోసింది. ఎండి రాయైన మట్టి మొదట తాగనే లేదు. నీళ్లు అలాగే నిలిచి, నిలిచి, చివరికి మెల్లగా ఇంకాయి. సెక్రటరీని ఇంకా తిడుతూనే ఆమె రెండో బకెట్టుకు వెళ్లింది.