పదిహేడో నంబరు బిళ్ళ

చిన్నబ్బను బస్తాల కింద నుంచి లాగినప్పుడు మేస్త్రీ కుప్పుస్వామి ముందు అతని ముఖం చూడలేదు. జబ్బకు కట్టుకున్న ఇత్తడి బిళ్ళ చూశాడు. దారం తెంపి బిళ్ళను జేబులో వేసుకున్నాక, "ఊపిరుండాదా?" అని అడిగాడు. ఊపిరి లేదు. నేను పక్కనే ఉన్నాను, నా రెండు కళ్ళతో చూశాను. కాదనేవాడెవడైనా ఉంటే నా ముందుకొచ్చి చెప్పమనండి.

అది 1976, ఎమర్జెన్సీ కాలం. పాకాల నుంచి కాట్పాడి పోయే లైనులో మాదొక చిన్న స్టేషను. ఊరు చిన్నదే గానీ గూడ్స్ షెడ్డు పెద్దది. తెల్లదొరలు రాతిగోడలతో కట్టించారు. చుట్టుపక్కల పండిన వేరుశనగంతా దాని లోంచే వ్యాగన్లెక్కేది. దొరలు పోయి కంట్రాక్టర్లు వచ్చారు. షెడ్డు మాత్రం మనుషుల్ని మింగడం మానలేదు. నేను చేరాక చిన్నబ్బ మూడోవాడు. బస్తాల నెట్టు పన్నెండు వరసలు దాటకూడదని మేము మొత్తుకున్నాం. వ్యాగన్లు రాక సరుకు పేరుకుపోయిందని కంట్రాక్టరు ధనంజయ పద్దెనిమిది కట్టించాడు. పై వరసలో చిన్నబ్బ నిలబడి ఉండగా ఒక నెట్టు ఒరిగింది. తక్కినవి ఒరగడానికి సిద్ధంగా అట్లాగే నిలబడి ఉన్నాయి.

షెడ్డులో నలభై బిళ్ళలే ఉండేవి. బిళ్ళ లేనివాడికి పని లేదు. మూడు రోజులు రాకపోతే బిళ్ళ ఊడబెరికేవాళ్ళు. అందుకే ఒకడికి జ్వరమొస్తే ఊళ్ళో ఇంకొకడు వాడి బిళ్ళ కట్టుకుని పనికి వచ్చేవాడు. దాన్ని మేము 'బదులు పోవడం' అనేవాళ్ళం. మేస్త్రీకి తెలుసు, కంట్రాక్టరుకూ తెలుసు. ఆ రోజు చిన్నబ్బ జ్వరంతో పడుకున్న ఇద్రీస్‌కు బదులు వచ్చాడు. సంగతి తెలిసి ఇద్రీస్ దుప్పటితోనే షెడ్డుకు పరిగెత్తుకొచ్చాడు.

ధనంజయ జీపు దిగి బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు.

"పదిహేడా? పదిహేడు ఇద్రీసు గదరా! వాడదో, దుప్పటి కప్పుకోని నిలబడుండాడు. అంటే మా కూలీ ఒక్కడూ సావలా. వీడెవుడో దొంగ. శెనక్కాయలకొచ్చి కింద పడి సచ్చినాడు."

షెడ్డు రిజిస్టరులో అట్లే రాశారు. ఎంత తేలిగ్గా రాశారో! ముప్పై ఏళ్ళ మనిషి, సొంత బిళ్ళ లేకపోయినా వాళ్ళకూ వీళ్ళకూ బదులుగా పదేళ్ళు ఆ షెడ్డులో మెడ వంచి మోసినవాడు, ఒక్క గీతతో దొంగ అయ్యాడు.

ఆ కాలంలో ఐదుగురు ఒకచోట చేరితే లాఠీలొచ్చేవి. శవం దగ్గర చేరితే మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేరు. సాయంత్రం చిన్నబ్బ ఇంటి ముందర మా సభ అదే. వీధి చివర ఒక కానిస్టేబులు నిలబడి బీడీ కాలుస్తూ మమ్మల్నే చూస్తున్నాడు. చిన్నబ్బ భార్య సుబ్బులమ్మ ఏడవడం ఆపి మా వైపు తిరిగింది.

"నాకేమీ వొద్దన్నా. నా మొగుడు దొంగ కాదని ఆ పుస్తకంలో రాయించండి, సాలు. రేపు నా బిడ్డిని ఇస్కూల్లో దొంగ కూతురంటారు."

మాలో పెద్దవాడు వరదయ్య తల దించుకున్నాడు. "కాలం బాగలేదమ్మా. నోరు తెరిసినోణ్ణి తెరిసినట్టే ఎత్తకపోతాండారు."

"నేను సెప్తా," అన్నాడు ఇద్రీస్. జ్వరానికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నా బిళ్ళ కట్టుకోనే గదా వాడు సచ్చింది."

"సెప్పు. బిళ్ళ ఇంకొకనికిచ్చిన మోసగాడని నిన్ను లోపలేస్తారు. చిన్నబ్బ దొంగగానే ఉంటాడు. ఒక్కడి మాట ఎవురింటారబ్బా?" అన్నాడు వరదయ్య.

అప్పుడు ఇద్రీస్ తల్లి రహమత్ బీ లేచింది. ఆమె మాటెప్పుడూ సూటిగానే ఉంటుంది.

"ఒక్కడు సెప్తే మోసం. అందురూ సెప్తే? మీలో ఒక్కసారైనా బదులు పోనోడు ఎవుడుండాడో సెయ్యెత్తండి, సూస్తాను."

ఒక్క చెయ్యీ లేవలేదు. కానిస్టేబులు బీడీ పారేసి రెండడుగులు ముందుకు వేశాడు.

మూడోనాడు పొద్దున విచారణకు రైల్వే ఆఫీసరు వచ్చాడు. వెంట పోలీసు వ్యాను. షెడ్డు గుమ్మంలో బల్ల వేశారు. మమ్మల్ని వరసగా నిలబెట్టారు. నేను చివరన నిలబడ్డాను, కావాలనే. ఇద్రీస్ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అంటే నేరం ఒప్పుకున్నట్టే కదా?" అన్నాడు ఆఫీసరు. ఇద్రీస్ చేతులకు బేడీలు పడ్డాయి. ధనంజయ నవ్వాడు.

నేను కలలో కూడా అనుకోలేదు. వరదయ్య వరసలోంచి బయటికి వచ్చాడు.

"నాదీ రాసుకోండి సార్. పోయినేడు రామచంద్ర బిళ్ళతో రెండు నెల్లు మోసినా. మేస్త్రీనే కట్టినాడు నా జబ్బకి."

"నాదీ రాయండి," అన్నాడు వెనకవాడు. "చెంగల్రాయుడికి బదులు పోయినా."

"నేను షఫీవుల్లాకి బదులు."

పేరు మీద పేరు వస్తుంటే కుప్పుస్వామి మొహం పాలిపోయింది. పదకొండో పేరు దగ్గర ఆఫీసరు కలం ఆగింది. అవన్నీ రాస్తే షెడ్డు నడిచే తీరే రాయాలి, చిన్నబ్బ కూలీ అనీ రాయాలి. ధనంజయ వంగి అతని చెవిలో ఏదో అన్నాడు. ఆఫీసరు రిజిస్టరు మూసేశాడు. ఇద్రీస్‌తో కలిపి పదకొండు మందినీ వ్యానెక్కించారు. నా వంతు రానే లేదు. ముందర ఎందుకు నిలబడలేదా అని ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

మిగిలినవాళ్ళం బిళ్ళలు విప్పేశాం. పట్టాల మీద వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. మధ్యాహ్నానికి ధనంజయ శ్రీకాళహస్తి వైపు నుంచి లారీ నిండా కొత్త కూలీలను దింపాడు. మాకంటే బక్కగా, ఆకలిగా ఉన్న మనుషులు. మాలో కొందరు రాళ్ళు ఏరుకున్నారు. పొద్దుటి నుంచీ షెడ్డు బయటే కూర్చున్న సుబ్బులమ్మ "ఆగండి" అని గుమ్మానికి అడ్డంగా పోయి నిలబడింది.

"ఈడ ఎవురో దొంగ సచ్చిపోయినాడంట గదమ్మా?" అని అడిగాడు ముందు నడుస్తున్నవాడు.

"నా మొగుడప్పా. పేరు చిన్నబ్బ. దొంగ కాదు. మీ మాదిరే మూట మోస్తా సచ్చిపోయినాడు. పొయ్యేటోళ్ళు పోండి. పొయ్యే ముందర మీ పేర్లు నాకు సెప్పిపోండి. ఈళ్ళు రాయరు. నేనన్నా మీ ఆడోళ్ళకి సెప్తాను."

అతను లోపలికి తొంగి చూశాడు. పద్దెనిమిది వరసల నెట్లు కప్పుదాకా ఉన్నాయి. చాలాసేపు చూసి వెనక్కి తిరిగి తనవాళ్ళతో ఏదో అన్నాడు. తలగుడ్డ తీసి నేల మీద పరిచి మా పక్కన కూర్చున్నాడు. ఒకరి వెనక ఒకరు లారీ మనుషులంతా కూర్చున్నారు.

ధనంజయ అరుస్తూనే ఉన్నాడు. చిత్తూరు రోడ్డు మీద దుమ్ము లేచింది. ఈసారి రెండు వ్యాన్లు. ఎవరూ లేవలేదు.